'మిర్రర్'కి రెండో తరగతి ముద్ర ఎవరు వేశారు?

సోవియట్ దర్శకుడు తార్కోవ్‌స్కీ తన బాల్య జ్ఞాపకాలతో తీసిన 'మిర్రర్' వేసిన ప్రతిసారీ హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీ మిత్రుల మధ్య జరిగే గొడవే మొన్న బంజారాహిల్స్‌లోనూ జరిగింది. సినిమా నడుస్తుండగానే కొందరు లేచి వెళ్లారు. తర్వాత చర్చలో, జనానికి అర్థంకాని సినిమాని ఇంకా ఎన్నాళ్లు మోస్తారని ఒక వర్గం నిలదీసింది. నేరుగా 1974కి వెళ్దాం. జనానికి అర్థంకాదన్న మాట పుట్టింది అక్కడే.

ఆ ఏడాది సోవియట్ సినిమా శాఖ గోస్కినో అధిపతి ఫిలిప్ యెర్మాష్‌కి సినిమా చూపిస్తే ఆయన ఒప్పుకోలేదు. చివరికి అనుమతి వచ్చింది, దాంతోపాటు 'రెండో తరగతి' ముద్ర కూడా. అంటే ప్రింట్లు తక్కువ. చిన్నాచితకా హాళ్లకీ కార్మికుల క్లబ్బులకీ పరిమితం. మన లెక్కలో చెప్పాలంటే, సినిమాని సీ సెంటర్లలో నాలుగు ప్రింట్లతో వదిలి, కలెక్షన్లు లేవని తీర్పు చెప్పడమే. కేన్స్ ఫిల్మ్ ఫెస్టివల్ అడిగినా పంపలేదు.

1975లో తోటి దర్శకుల చర్చని సోవియట్ సినిమా పత్రిక 'ఇస్కుస్త్వో కినో' అచ్చేసింది. అందులో పెద్ద పేర్లున్నవాళ్లే ఇది దర్శకుడు తనతో తాను మాట్లాడుకోవడమని పెదవి విరిచారు. ఆఫీసు మాటకి కళాకారుల సంతకం దొరికింది. యాభై ఏళ్లుగా మనం వల్లిస్తున్నది ఆ పాఠమే.

నిజానికి అనుమానం అంతకుముందే ఉంది. 1968 నాటి స్క్రిప్టుని తిప్పికొట్టారు. పాత కెమెరామన్ వదీమ్ యూసోవ్ మరీ సొంతగోడుగా ఉందని తప్పుకుంటే గియోర్గి రేర్‌బర్గ్ వచ్చాడు. దర్శకుడి పట్టు అలాంటిది మరి: చిన్నప్పటి ఇంటిని పాత ఫొటోలు చూసి, అదే పునాదుల మీద మళ్లీ కట్టించాడు. ఎదుటి పొలంలో అప్పట్లో తెల్లగా పూసే బక్‌వీట్ అనే ధాన్యపు పంట ఉండేదని గుర్తు. ఈ నేలలో అది పండదని అక్కడి రైతులన్నారు. చల్లిస్తే పండింది.

ఇక ప్రేక్షకులు. వాళ్ల ఉత్తరాలని తార్కోవ్‌స్కీ తన పుస్తకం మొదట్లోనే పెట్టాడు, తిట్టినవి కూడా. అరగంటకే తలనొప్పి వచ్చిందని లెనిన్‌గ్రాద్ ఇంజనీరు ఒకావిడ రాసింది. గోర్కీ నగరం నుంచి ఇంకొకావిడ, నా బాల్యం అచ్చం ఇలాగే ఉండేది, మీకెలా తెలిసింది అని అడిగింది. ఆ గాలి, ఆ ఉరుముల వాన, పిల్లిని బయటికి పంపమని అమ్మమ్మ కేక, అన్నీ ఆవిడకి గుర్తే. వారంలో నాలుగుసార్లు చూశానని ఇంకో ఉత్తరం. ఏ జనం గురించి అధికారులు అంత బెంగపడ్డారో, ఆ జనమే వీళ్లు.

2022లో బ్రిటిష్ సినిమా పత్రిక 'సైట్ అండ్ సౌండ్' ఓటింగులో ప్రపంచ దర్శకులు దీనికి 8వ స్థానం ఇచ్చారు. దాన్ని బట్టి మొన్న లేచిపోయినవాళ్లని తప్పుపట్టనక్కర్లేదు. దర్శకుడి తండ్రి, కవి అర్సేనీ తన గొంతుతో చదివే కవితలు ఇంగ్లీషు సబ్‌టైటిళ్లలో పరిగెడుతుంటే, అక్షరాలు చూడాలా, బొమ్మ చూడాలా? కవితల తెలుగు పాఠం ముందే పంచాలని చర్చలో ఒకరు సూచించారు. నిర్వాహకులు ఇంకా ఏమీ తేల్చలేదు.