అమ్మేదీ వాళ్లే, కొనేదీ వాళ్లే: రోత్కో ఆస్తి కేసు వెనక కథ

2024 ఏప్రిల్‌లో మార్ల్‌బరో గ్యాలరీ తలుపులు మూసేస్తున్నట్టు ప్రకటించింది. సిగరెట్ల కంపెనీ కాదు, ఇది బొమ్మలమ్మే వ్యాపారం. 1946లో లండన్‌లో మొదలై, న్యూయార్క్ దాకా పాకి, ఎనభై ఏళ్లకి దగ్గరగా నడిచింది. ఎంతోమంది పెద్ద చిత్రకారుల పేర్లు దాని ఖాతాలో ఉన్నాయి. అయినా ఆ గ్యాలరీ పేరెత్తితే కళారంగంలో పాతవాళ్లకి ముందు గుర్తొచ్చేది ఒక కోర్టు కేసు. తండ్రీ తల్లీ ఆరు నెలల తేడాతో పోయాక, ఇరవై ఏళ్ల అమ్మాయి నాన్న స్నేహితుల మీదే వేసిన కేసు అది.

ఆ తండ్రి మార్క్ రోత్కో. 1903లో అప్పటి రష్యా సామ్రాజ్యంలోని ద్వీన్స్క్ ఊళ్లో, యూదుల కుటుంబంలో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు లాట్వియాలో ఉంది. పదేళ్ల వయసులో అమెరికా చేరాడు. చేరిన కొన్ని నెలలకే తండ్రి పోయాడు. యేల్ యూనివర్సిటీలో చేరి మధ్యలో మానేసి, న్యూయార్క్ వెళ్లి బొమ్మలేసుకుంటూ దాదాపు పాతికేళ్లు ఎవరికీ పట్టనివాడిగానే బతికాడు. తర్వాత ఆయన పేరు నిలబెట్టిన బొమ్మలు చాలామందికి తెలిసే ఉంటాయి. మనిషికన్నా ఎత్తైన కాన్వాసు, అందులో అంచులు చెదిరిన రెండు మూడు రంగుల పలకలు, అంతే. 'గోడకి సున్నం కొట్టినట్టుంది, దీనికన్ని కోట్లా' అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఫోన్‌లో చూస్తే నాకూ అలాగే అనిపిస్తుంది. ఆ చర్చ ఇక్కడ వద్దు. ఈ కథకి కావలసింది ఆయన స్వభావం.

రోత్కోకి తన బొమ్మలు ఎక్కడ పడితే అక్కడ వేలాడటం ఇష్టం ఉండేది కాదు. 1958లో న్యూయార్క్‌లో ఒక ఖరీదైన రెస్టారెంటు గోడలకి బొమ్మలు వేయడానికి ఒప్పుకున్నాడు. తీరా అవి పూర్తయ్యాక అక్కడికి భోజనానికి వెళ్లి, ఆ జనాన్ని చూసి, డబ్బు వెనక్కిచ్చేశాడు. బొమ్మలు తన దగ్గరే ఉంచుకున్నాడు. అమ్మిన వాటికన్నా దాచుకున్నవే ఎక్కువ అనిపించేంతగా స్టూడియోలోనూ గోడౌన్లలోనూ సరుకు పోగుపడింది. పోయేనాటికి లెక్క తేలినవి 798. ఆస్తి అంటే భూములో బ్యాంకు డిపాజిట్లో కాదు, ఈ కాన్వాసులే.

1968లో రక్తనాళం ఉబ్బి, చావు దాకా వెళ్లొచ్చాడు. ఆ సెప్టెంబరులో వీలునామా రాశాడు. రెండంటే రెండే పేజీలు. ఇల్లూ, రెండున్నర లక్షల డాలర్లూ భార్య మెల్‌కి. మిగిలిందంతా, అంటే ముఖ్యంగా బొమ్మలు, తన పేర పెట్టే ఒక ఫౌండేషన్‌కి. ఆ వీలునామా తయారు చేసిపెట్టింది బెర్నార్డ్ రీస్. అకౌంటెంట్, లా చదివినవాడు, న్యూయార్క్ చిత్రకారుల్లో చాలామందికి లెక్కలు చూసేవాడు. వాళ్ల ఇంట్లో విందులు, వాళ్ల గోడల మీద స్నేహితులిచ్చిన బొమ్మలు. ఆ సర్కిల్లో అందరికీ పెద్దన్నయ్యలాంటి మనిషి. ఎగ్జిక్యూటర్లు, అంటే వీలునామాలో రాసింది రాసినట్టు జరిగేలా చూడాల్సినవాళ్లు, ముగ్గురు. ఒకరు ఈ రీసే. రెండోవాడు థియోడోరస్ స్టామోస్, తోటి చిత్రకారుడు. మూడోవాడు మోర్టన్ లెవీన్, ఫోర్డమ్ యూనివర్సిటీలో మానవశాస్త్రం ప్రొఫెసరు. ముగ్గురూ ఇంటికి వచ్చిపోయే స్నేహితులే. ఆస్తి వెళ్లాల్సిన ఫౌండేషన్ డైరెక్టర్లలోనూ ఈ ముగ్గురూ ఉన్నారు. ఇచ్చే చెయ్యీ పుచ్చుకునే చెయ్యీ ఒకటే అయితే లెక్క అడిగేవాడెవడు?

వీలునామాలో లేని ఇంకో సంగతి కూడా ఉంది. రీస్ అదే సమయంలో మార్ల్‌బరో వాళ్ల న్యూయార్క్ గ్యాలరీలో డైరెక్టరు, సెక్రటరీ, కోశాధికారి. 1969లో రోత్కోయే ఆ గ్యాలరీతో ఎనిమిదేళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టాడు. కాబట్టి ఆ సంబంధం రహస్యమేమీ కాదు. అసలు గొడవకి విత్తనం అక్కడే పడింది.

1970 ఫిబ్రవరి 25న రోత్కో తన స్టూడియోలో ప్రాణం తీసుకున్నాడు. రెస్టారెంటు కోసం వేసి ఇవ్వకుండా దాచుకున్న బొమ్మల్లో కొన్నిటిని అంతకుముందే లండన్ టేట్ గ్యాలరీకి ఇచ్చాడు. అవి అక్కడ దిగింది సరిగ్గా ఆ రోజే. ఆగస్టులో మెల్ కూడా పోయింది. మిగిలింది పందొమ్మిదేళ్ల కేట్, ఆరేళ్ల క్రిస్టఫర్. అప్పటి న్యూయార్క్ చట్టం ప్రకారం 21 నిండితే గానీ మేజర్ కాదు. అందుకని హెర్బర్ట్ ఫెర్బర్ అనే శిల్పి కేట్‌కి గార్డియన్‌గా నిలబడ్డాడు. ఈయనా రోత్కో స్నేహితుడే. స్నేహితులంతా ఒక్కలాంటివాళ్లు కాదనడానికి ఈయనొక్కడు చాలు.

ఈ లోపల ఎగ్జిక్యూటర్లు పని కానిచ్చేశారు. కోర్టు వాళ్లకి అధికారం ఇచ్చి నెల కూడా కాలేదు. మే 21న రెండు ఒప్పందాలు రాసేశారు. మొదటిది: వంద బొమ్మలు, ఏరి తీసినవి, మార్ల్‌బరో వాళ్లదే, లీక్టెన్‌స్టయిన్ అనే చిన్న యూరప్ దేశంలో ఉన్న కంపెనీకి 18 లక్షల డాలర్లకి అమ్మకం. చేతికి వచ్చేది రెండు లక్షలు. మిగతా 16 లక్షలు పన్నెండేళ్ల వాయిదాల్లో, వడ్డీ లేకుండా. రెండోది: మిగిలిన దాదాపు ఏడు వందల బొమ్మలు అదే సంస్థ న్యూయార్క్ గ్యాలరీకి పన్నెండేళ్లపాటు అమ్మకానికి అప్పగింత. కమీషను యాభై శాతం. వేరే డీలర్లకి అమ్మితే నలభై.

కాగితం మీద లెక్క వేసి చూడండి. బొమ్మకి సగటున 18 వేల డాలర్లు. అదీ చేతిలో పడేది కాదు. పన్నెండేళ్లు వడ్డీ లేకుండా అంటే ఆ 18 వేల అసలు విలువ ఎంతకి దిగుతుందో చిట్టీ కట్టే ఇల్లాలిని అడిగినా చెబుతుంది. మన ఊళ్ల భాషలో చెప్పాలంటే ఇది ఇలా ఉంటుంది: మైనర్ పిల్లల వందెకరాల మాగాణికి పెద్దమనిషిగా పెట్టిన ఆసామి, నెల తిరక్కుండా, తాను లెక్కలు రాసే రైస్‌మిల్లు వాళ్లకే ఆ పొలం అమ్మేశాడు. సగం ధర కూడా పెట్టలేదు, డబ్బు పన్నెండేళ్లకి ఇవ్వొచ్చన్నాడు. ఆ మిల్లు ఓనరుకి ఇంకా మంచి బేరం దొరకదు. ఊళ్లో ఎవరైనా దీన్ని బేరం అంటారా?

మిల్లు ఓనరు స్థానంలో ఉన్నది ఫ్రాంక్ లాయిడ్, మార్ల్‌బరో యజమాని. వియన్నాలో పుట్టి, హిట్లర్ కాలంలో పారిపోయి వచ్చి, లండన్‌లో వ్యాపారం కట్టినవాడు. కంపెనీలు ఒక దేశంలో, సరుకు ఇంకో దేశంలో, లెక్కలు మూడో దేశంలో. ఈ రోజుల్లో ఇది మామూలే గానీ, 1970లో కళావ్యాపారంలో ఇంత పకడ్బందీగా చేసినవాళ్లు తక్కువ.

1971 నవంబరులో కేట్ తరఫున కేసు పడింది. ఎగ్జిక్యూటర్లని తీసేయాలి, ఒప్పందాలు కొట్టేయాలి అని. న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ కూడా ఇందులో చేరాడు. కుటుంబ తగాదాలో సర్కారు వకీలుకేం పని అనిపించొచ్చు. ఆస్తిలో వాటా ఒక ధర్మసంస్థకి, అంటే ఆ ఫౌండేషన్‌కి, వెళ్లాలి కదా, ఆ ధర్మసంస్థ డైరెక్టర్లే నోరు మూసుకుంటే జనం తరఫున అడగాల్సింది సర్కారే. మన సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనూ 92వ సెక్షన్ ఇలాంటి దారే పెట్టింది. ధర్మ ట్రస్టు దారి తప్పితే అడ్వొకేట్ జనరల్ గానీ, కోర్టు అనుమతితో ఇద్దరు సంబంధం ఉన్నవాళ్లు గానీ దావా వేయొచ్చు.

1972లో కోర్టు అమ్మకాలు ఆపమంది. గ్యాలరీ ఆపలేదు. ఆ ఉత్తర్వు నడుస్తుండగానే 57 బొమ్మలు చేతులు మారాయని తర్వాత తేలింది. విచారణ 1974 ఫిబ్రవరిలో మొదలై నెలల తరబడి సాగింది. వారసత్వ కేసులు చూసే సరొగేట్ కోర్టు జడ్జి మిల్లార్డ్ మిడోనిక్ 1975 డిసెంబరులో తీర్పిచ్చాడు. 1977లో రాష్ట్రపు అత్యున్నత కోర్టు దాన్ని నిలబెట్టింది.

ఇలాంటివి విన్నప్పుడు కంచే చేను మేసిందని తేలిగ్గా అనేస్తాం. ఈ తీర్పు చదివితే కంచెలో ఏ వైపు ఏం చేసిందో విడివిడిగా కనిపిస్తుంది. రీస్ సంగతి తేలికే. ఒక జీతం ఆస్తి తరఫున, ఒక పదవి కొనేవాడి తరఫున. అమ్మేవాడికి ఎక్కువ ధర కావాలి, కొనేవాడికి తక్కువ ధర కావాలి. ఒకే మనిషి ఇద్దరికీ న్యాయం చేయలేడు. స్టామోస్‌ది ఇంకాస్త జాలిగొలిపే కథ. పేరున్నా డబ్బు అంతగా లేని చిత్రకారుడు. ఒప్పందాలు అయిపోయాక, 1971 మొదట్లో, అదే గ్యాలరీ ఆయన బొమ్మలు అమ్మిపెట్టడానికి ఒప్పుకుంది. పెద్ద గ్యాలరీ గోడ మీద చోటు కోసం స్నేహితుడి బొమ్మల బేరంలో కళ్లు మూసుకున్నాడన్నది కోర్టు మాట.

నాకు ఎక్కువసేపు ఆలోచన పట్టింది మూడో మనిషి. లెవీన్ ఒక్క డాలరు తినలేదు. కోర్టు కూడా ఆయనకి స్వార్థం గానీ దురుద్దేశం గానీ లేదనే చెప్పింది. మిగతా ఇద్దరికీ గ్యాలరీతో ఉన్న సంబంధం ఆయనకి తెలుసు. అనుమానం కూడా వచ్చింది. అయినా 'లాయరు సరే అన్నాడు, నేనేం చేస్తాను' అని సంతకం పెట్టాడు. లాయరు సలహా మీద చేశానంటే కుదరదంది కోర్టు. తోటివాళ్లు తప్పు చేస్తున్నారని తెలిసినప్పుడు కళ్లు తెరిచి చూడాల్సిన పని ఆయనది కూడా. మన ఇళ్లలో పెద్దమనుషుల సంతకాలు చాలావరకు ఈ రకంవే. 'అన్నయ్య చూసుకుంటున్నాడు కదా' అని పెట్టినవి. ఆ ప్రొఫెసరు మీద పడిన బాధ్యత 64,64,880 డాలర్లు.

ఆ అంకె ఎలా వచ్చిందో చూస్తే, ఈ కేసుని లా కాలేజీల్లో ఇప్పటికీ ఎందుకు చెబుతారో అర్థమవుతుంది. అమ్మిన రోజున బొమ్మల అసలు విలువ ఎంతో, లెవీన్ బాధ్యత అంతవరకే. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాళ్లకి, గ్యాలరీకి, లాయిడ్‌కి మాత్రం కొలత వేరు. తిరిగి రాని బొమ్మలకి విచారణ నాటి ధర కట్టాలి. అంటే అమ్మిన రోజుకీ విచారణకీ మధ్య పెరిగిన రేటు కూడా వాళ్ల నెత్తినే. లేకపోతే, మోసంతో కొన్న పొలాన్ని పట్టుకుని కూర్చుని, రేటు పదింతలయ్యాక పాత ధర మొహాన కొట్టి చేతులు దులుపుకోవచ్చు. కోర్టు ఆపమన్నా అమ్మిన 57 బొమ్మలకి గ్యాలరీ మీదా లాయిడ్ మీదా 33,32,000 డాలర్ల జరిమానా. అన్నీ కలిపి 92,52,000. ఎగ్జిక్యూటర్లని తీసేశారు, ఒప్పందాలు చెల్లవన్నారు. ఇంకా అమ్ముడుపోని 658 బొమ్మలు వెనక్కి వచ్చాయి.

మన చట్టాలు ఈ విషయంలో వెనకబడి ఏమీ లేవు. 1882 నాటి ట్రస్టుల చట్టం, ట్రస్టు ఆస్తి అమ్మే బాధ్యత ఉన్నవాడు దాన్ని నేరుగా గానీ చాటుగా గానీ కొనకూడదంటుంది. 1925 వారసత్వ చట్టం, ఎగ్జిక్యూటరు పోయినవాళ్ల ఆస్తి తానే కొంటే, అందులో హక్కున్న ఎవరైనా ఆ అమ్మకాన్ని రద్దు చేయించుకోవచ్చంటుంది. 'చాటుగా' అన్న ఆ ఒక్క మాటలోనే బావమరిది పేరున రాయించిన పొలాలన్నీ ఉన్నాయి. చిక్కు చట్టంలో లేదు, కేట్‌లాగా ఆరేళ్లు కోర్టు మెట్లెక్కే ఓపికలో ఉంది.

పిల్లలకి అసలు ఏం దక్కింది? వీలునామాలో వాళ్లకి బొమ్మలు లేవు. కానీ తండ్రి సగానికి మించి ధర్మసంస్థకి రాసేస్తే, పిల్లలు దాన్ని సవాలు చేసే వీలు అప్పటి న్యూయార్క్ చట్టంలో ఉంది. మన ముస్లిం చట్టంలో మూడో వంతుకి మించి వీలునామా రాయకూడదన్న నియమం గుర్తొస్తుంది. అలా సగం కేట్‌కీ క్రిస్టఫర్‌కీ వచ్చింది. ఎస్టేట్, అంటే తండ్రి వదిలివెళ్లిన ఆస్తి, నిర్వహణ కూడా కోర్టు కేట్ చేతికే ఇచ్చింది. డైరెక్టర్లని మార్చిన ఫౌండేషన్ తన సగాన్ని 1980ల్లో మ్యూజియంలకి పంచింది. పెద్ద వాటా వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీకి వెళ్లింది. అమ్ముకోవడానికి పెట్టిన సరుకు చివరికి ఎవరైనా వెళ్లి చూసే గోడలెక్కింది.

లాయిడ్ చాలాకాలం బహామాస్‌లో ఉండిపోయాడు. సాక్ష్యాలు తారుమారు చేశాడన్న నేరం మీద తర్వాత దోషిగా తేలాడు. జైలు పడలేదు. తన ఖర్చుతో స్కూలు పిల్లలకి కళ గురించి కార్యక్రమాలు పెట్టాలన్నది శిక్ష. స్టామోస్ తన ఇంటిని రోత్కో ఎస్టేట్‌కి రాసిచ్చి, బతికున్నంతకాలం అందులో ఉండే హక్కు మాత్రం మిగుల్చుకున్నాడు. 1997లో గ్రీసులో పోయాడు. కేట్ డాక్టరయింది, పాథాలజిస్టు. తండ్రి బొమ్మల ధరలు ఎక్కడికి వెళ్లాయంటే, 2012లో న్యూయార్క్ వేలంలో ఒక్క కాన్వాసు దాదాపు 8 కోట్ల 70 లక్షల డాలర్లు పలికింది.

కోర్టులో తేలినా ఒక్కటి మాత్రం అలాగే ఉండిపోయింది. 1970లో రోత్కో పోయినప్పుడు, ఎక్కడ పూడ్చాలో ఎవరికీ తోచక, లాంగ్ ఐలండ్‌లో ఈస్ట్ మారియన్ ఊరి శ్మశానంలో స్టామోస్ కుటుంబానికి ఉన్న జాగాలో పూడ్చారు. స్నేహితుడే కదా అనుకున్నారు. కేసు గెలిచి మూడు దశాబ్దాలు దాటినా ఆయన అక్కడే ఉన్నాడు. 2008లో పిల్లలిద్దరూ కోర్టు అనుమతి తెచ్చుకుని, తండ్రిని అక్కడి నుంచి తీయించి, న్యూయార్క్ నగరానికి ఉత్తరాన ఉన్న కెన్సికో శ్మశానానికి, తల్లి పక్కన ఉండాలని చేర్చారు.