నీడ కొసన గులకరాయి

మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి సూర్యుడు నడినెత్తిన ఉంటాడని మనం నేర్చుకున్నాం, పిల్లలకూ అదే చెబుతున్నాం. కానీ హైదరాబాద్‌లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది ఏడాదికి రెండే రోజులు, మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో. అదీ పన్నెండింటికి కాదు. మేలో సుమారు 12:12కి, ఆగస్టులో 12:23కి. ఇది కనిపెట్టడానికి టెలిస్కోపు అక్కర్లేదు. మీటరు కర్ర, గుప్పెడు గులకరాళ్లు, ఒక గడియారం ఉంటే మూడో తరగతి పిల్లలు కనిపెట్టేస్తారు.

మార్చి 21న నగర శివారులోని ఒక ప్రాథమిక బడిలో ఆ పని దగ్గరుండి చూశాను. ఒంటిపూట బడులు నడుస్తున్నాయి. టీచరు పాఠమేమీ చెప్పలేదు. "నీడ ఎప్పుడు అన్నిటికన్నా పొట్టిగా ఉంటుంది?" అని మాత్రం అడిగారు. "పన్నెండింటికి!" అని అందరూ ఒక్కసారే అరిచారు. "అయితే చూద్దాం పదండి" అంటూ మైదానంలోకి తీసుకెళ్లారు. సూర్యుడి వైపు మాత్రం ఎవరూ చూడొద్దని, చూపంతా నేల మీదే ఉండాలని ముందే గట్టిగా చెప్పారు.

కర్ర పాతడానికే చాలాసేపు పట్టింది. నిటారుగా ఉందని కొందరు, ఒరిగిందని కొందరు. ఇంతలో ఒక పిల్లాడు దారానికి రాయి కట్టి కర్ర పక్కన వేలాడదీశాడు. "మా నాయిన గోడకు గిట్లనే చూస్తడు" అన్నాడు. వాళ్ల నాన్న తాపీ మేస్త్రీ. ఆ రోజు నా మనసులో అన్నిటికన్నా బలంగా నిలిచింది ఆ రాయే. నిలువు అంటే ఏమిటో వాడికి ఇంట్లోనే తెలిసింది. బడిలో దానితో పని పడింది మాత్రం ఆ రోజే.

11:40 నుంచి ఐదు నిమిషాలకోసారి నీడ కొసన ఒక రాయి పెట్టారు. పన్నెండింటికి నీడ 33 సెంటీమీటర్లు. "అయిపోయింది" అనుకున్నారు. 12:05కి కొలిస్తే ఇంకాస్త తగ్గింది! స్కేలు పట్టుకున్న పాప మళ్లీ కొలిచింది, నమ్మకం కుదరక ఇంకోసారి కొలిచింది. 12:20 దాటాక నీడ 31 దగ్గర ఆగింది. కాదు, 32 అన్నారు ఇంకొందరు. ఇద్దరిదీ తప్పు కాదు. సూర్యుడు మనకు చుక్కలా కాక అర డిగ్రీ వెడల్పున్న పళ్లెంలా కనిపిస్తాడు కాబట్టి, నీడ అంచు దాదాపు సెంటీమీటరు మేర మసకబారుతుంది. ఎంత శ్రమపడి కొలిచినా ఎంతో కొంత తేడా వస్తుందన్న సంగతి ఎనిమిదేళ్లకే చేతితో తెలియడం చిన్న విషయం కాదు.

మన గడియారాలు కాకినాడ పక్కగా సాగే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం నడుస్తాయి. హైదరాబాద్ దానికి 4 డిగ్రీలు పడమరగా ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున మన మధ్యాహ్నం 16 నిమిషాలు ఆలస్యం. భూమి కక్ష్య, దాని అక్షం వాలు కలిసి మార్చిలో ఇంకో ఏడు నిమిషాలు జత చేస్తాయి. టీచరు ఇదంతా ఆ రోజు చెప్పలేదు. నాకు అది చాలా సరైన పని అనిపించింది. "ఎందుకు పన్నెండింటికి కాలేదు?" అనే ప్రశ్న పిల్లలతో పాటు ఇంటికి వెళ్లింది.

జూన్‌లో బడి తెరిచాక కర్ర మళ్లీ పాతారు. ఈసారి నీడ పది సెంటీమీటర్లే, పైగా దక్షిణం వైపు! "సార్, నీడ గిటు పడ్డదేంది?" అంటూ ఒక పాప నా చేయి పట్టుకుని లాగింది. మిగతావాళ్లు దారం, రాయి తెచ్చి కర్ర వంగలేదని రూఢి చేసుకున్నారు. మే 9 నుంచి ఆగస్టు 3 దాకా హైదరాబాద్‌లో మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరంగా ఉంటాడు. ఇంతకాలం ఇక్కడే బతుకుతూ ఎంతమందిమి గమనించాం?

ఇలా ఆడిస్తే పరీక్షల సంగతేమిటని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 మాధ్యమిక బడుల్లో ప్రయోగాలతోనే సైన్సు నేర్పడం మొదలుపెట్టారు. అక్కడ పరీక్షనూ మార్చారు. పుస్తకం తెరిచి రాయొచ్చు, ప్రయోగం మాత్రం చేసి చూపాలి. ఆ కార్యక్రమం 2002 దాకా నడిచింది. అది ఆగిపోయినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

సెప్టెంబరు 23న మబ్బు విడిచింది. తిరుపతిలో, ఆదిలాబాద్‌లో ఉన్న తెలిసిన టీచర్లతో ముందే మాట్లాడుకుని మూడుచోట్లా మీటరు కర్రలే నిలబెట్టారు. ఫోన్లో అంకెలు వచ్చాయి. తిరుపతిలో 24 సెంటీమీటర్లు, ఇక్కడ 31, ఆదిలాబాద్‌లో 36. ఒకే కర్ర, ఒకే రోజు, మూడు నీడలు. బోర్డు మీద అంకెలు చూసి అందరూ కాసేపు మాట్లాడలేదు.

టీచరు అట్టముక్కకు మూడు అగ్గిపుల్లలు గుచ్చి ఎండలో పెట్టారు. మూడు నీడలూ సమానం. తర్వాత మూడు పుల్లలూ తీసి బత్తాయికి గుచ్చి ఒక పాప చేతిలో పెట్టారు. ఆ పాప దాన్ని మెల్లగా తిప్పుతూ, మూడు పుల్లల నీడలూ మూడు పొడవుల్లో పడేదాకా ఆగి చూసింది. "మేడమ్, గిది తిరుపతి గావాలె" అని పొట్టి నీడను వేలితో చూపించింది.