పాయింట్ సర్ఫేస్ మీద ఉందా, లేదా: అపోహలు - వాస్తవాలు

"అన్నా, న్యూటన్ కన్వర్జ్ అయింది. అయినా డీవియేషన్ 6.02 ఎంఎం చూపిస్తోంది. పార్ట్ రిజెక్ట్ రాసేయమంటారా?" బాలానగర్‌లో ఒక టూల్‌రూమ్ నుంచి, రాత్రి తొమ్మిదింటికి, ఓ కుర్రాడి ఫోన్. పాపం, టెన్షన్‌తో మాట తడబడుతోంది. తయారైన పార్ట్‌ని ప్రోబ్‌తో తాకి కొలిచిన పాయింట్, కంప్యూటర్ (క్యాడ్) మోడల్‌లోని వంపు సర్ఫేస్‌కి ఎంత దూరంలో ఉందో చూడటం వాడి పని. ఆ దూరమే డీవియేషన్. సర్ఫేస్ మీద దగ్గరి చోటుని మెట్టుమెట్టుగా వెతికే లెక్క న్యూటన్ పద్ధతి, అది ఒక జవాబు దగ్గర నిలబడితే కన్వర్జ్ అయిందంటాం. నెలకోసారైనా ఇలాంటి ఫోన్ వస్తుంది నాకు.

అపోహ: కన్వర్జ్ అయిందంటే జవాబు సరైనదే.

వాస్తవం: కాదు. మనం కొలిచిన పాయింట్ నుంచి సర్ఫేస్‌కి గీసిన గీత, అక్కడి యు, వి (సర్ఫేస్ మీద చోటు చెప్పే రెండు సంఖ్యలు) దిశలు రెండింటికీ లంబంగా ఉండే చోటు కోసం న్యూటన్ వెతుకుతుంది, అంతే. అలాంటి లంబపాదాలు ఎన్నైనా ఉండొచ్చు. బంతి బయటున్న పాయింటుకి ఇవతల ఒకటి, అవతల ఒకటి ఉంటాయి. అందరికంటే దూరంగా ఉన్నది కూడా ఆ సమీకరణాల్ని చక్కగా తృప్తిపరుస్తుంది!

కుర్రాడి పార్ట్‌లో హెయిర్‌పిన్‌లా వంగిన మడత ఉంది. రెండు గోడల మధ్య ఎడం 6 ఎంఎం. ప్రోబ్ తాకింది ఎడమ గోడని. ప్రోగ్రామ్ మాత్రం ప్రతిసారీ యు, వి 0.5, 0.5 దగ్గరే మొదలవుతుంది, అంటే సరిగ్గా మడత అడుగున. అక్కణ్ణుంచి జారి కుడి గోడకి అతుక్కుంది. ఎడమ గోడ నుంచి చూస్తే తేడా 0.02 మాత్రమే. టాలరెన్స్ (ఒప్పుకునే తేడా) 0.05. పార్ట్ బంగారంలా ఉంది.

ప్రతి నాట్ స్పాన్‌లో (సర్ఫేస్‌ని కలిపి కుట్టిన ముక్కల్లో ఒక్కోదాంట్లో) 5×5 పాయింట్లు చల్లి, దగ్గరున్న నాలుగైదింటి నుంచి న్యూటన్ నడిపించి, తక్కువ దూరం తీసుకోమన్నాను. కచ్చితమైన హామీ కావాలంటే సర్ఫేస్‌ని బెజియే ప్యాచ్‌లుగా, అంటే ఒక్కో ఫార్ములాతో నడిచే ముక్కలుగా విడగొట్టాలి. ప్యాచ్ ఆకారాన్ని లాగి పట్టే పాయింట్లు కంట్రోల్ పాయింట్లు, ఒక్కోదాని లాగుడు బలం వెయిట్. వెయిట్లు పాజిటివ్ అయితే ప్యాచ్ తన కంట్రోల్ పాయింట్లని చుట్టిన పెట్టె దాటి బయటికి రాదు. ఆ పెట్టె మన పాయింటుకి ఇప్పటిదాకా దొరికిన దూరం కంటే అవతల ఉంటే, ఆ ప్యాచ్‌ని చూడకుండానే వదిలేయొచ్చు.

కొత్తలో నేనూ ఇదే తప్పు చేసి, బాగున్న డైని రెండు రోజులు గ్రైండింగ్‌కి పంపాను. వెల్డింగ్ పెట్టి మళ్లీ మిల్లింగ్ చేయాల్సొచ్చింది. ఆ బిల్లు సంగతి ఇప్పుడెందుకులెండి.

అపోహ: సర్ఫేస్ సమీకరణంలో పాయింట్ ఎక్స్, వై, జెడ్ ప్రతిక్షేపిస్తే తేలిపోతుంది.

వాస్తవం: రెండు దిశల్లోనూ మూడో డిగ్రీ ఉన్న ఒక్క ప్యాచ్‌కే ఆ సమీకరణం డిగ్రీ మామూలుగా 18. రాసి చూడండి, తెలుస్తుంది.

అపోహ: దూరం సరిగ్గా సున్నా రావాలి.

వాస్తవం: డబుల్ ప్రెసిషన్‌లో ఉండేవే 15, 16 అంకెలు. టాలరెన్స్ పెట్టుకోండి. అదీ ఎంఎంలో, యు, విలలో కాదు. యులో 0.001 అంటే ఒక సర్ఫేస్ మీద వెంట్రుక మందం, ఇంకోదాని మీద బెత్తెడు. అంచు దగ్గరైతే యు, విలను హద్దు దాటనివ్వకండి. అక్కడ దగ్గరి పాయింటుకి లంబం కుదరకపోవచ్చు, అది తప్పు కాదు.

అపోహ: దూరం టాలరెన్స్‌లో ఉంటే ఫేస్ మీద ఉన్నట్టే.

వాస్తవం: ట్రిమ్ సంగతో? సర్ఫేస్‌లో కొంత కత్తిరించగా (అదే ట్రిమ్) మిగిలిన భాగమే ఫేస్. ఫేస్‌లో రంధ్రం ఉన్నా, కింద సర్ఫేస్ నిండుగానే ఉంటుంది. రంధ్రం నడిమధ్య పాయింటుకీ దూరం సున్నా వస్తుంది. దొరికిన యు, వి ట్రిమ్ కర్వుల ప్రకారం ఫేస్‌లో పడుతున్నాయో లేదో విడిగా చూడాలి. వారం తిరక్కుండా ఆ కుర్రాడు మళ్లీ ఫోన్ చేసింది దీని గురించే. ఈసారి పొద్దున్నే చేశాడు, అదొక్కటి నయం.