అబ్సింత్: అపోహలు - వాస్తవాలు

అపోహ: అబ్సింత్ తాగితే లేనిపోనివి కనబడతాయి.

వాస్తవం: కనబడవు. అబ్సింత్ అంటే వర్మ్‌వుడ్ అనే చేదు మూలిక, ఆనిస్, సోంపులతో చేసే ఘాటైన మద్యం, ఎక్కువగా పచ్చ రంగులో ఉంటుంది. ఈ ప్రచారమంతా వర్మ్‌వుడ్ ఆకులోని థూజోన్ అనే పదార్థం చుట్టూ పుట్టింది. థూజోన్ మోతాదు బాగా మించితే ఫిట్స్ వస్తాయిగాని భ్రమలు రావు. యూరోపియన్ యూనియన్ కిలో అబ్సింత్‌లో థూజోన్‌ని 35 మిల్లీగ్రాములు దాటనివ్వదు. ఆ లెక్కన 30 మి.లీ. పెగ్గులో ఉండేది ఒక మిల్లీగ్రాము లోపే. భయపడాల్సింది ఆల్కహాల్‌కి. 70 శాతం అబ్సింత్ 30 మి.లీ. తాగితే మన 42.8 శాతం విస్కీ దాదాపు 50 మి.లీ. తాగినట్టే.

అపోహ: మనుషుల్ని ఉన్మాదుల్ని చేస్తోందని తేలాకే నిషేధించారు.

వాస్తవం: 1905లో స్విట్జర్లాండ్‌లోని కొమ్యునీలో ఒక కూలీ భార్యాబిడ్డల్ని చంపాడు. ఆ రోజు అతను వైన్, బ్రాందీ బాగా తాగి ఉన్నాడు. అబ్సింత్ రెండు గ్లాసులే. పేరు మాత్రం అబ్సింత్‌కే చెడింది. స్విట్జర్లాండ్ 1910లో, ఫ్రాన్స్ 1915లో నిషేధించాయి. స్విట్జర్లాండ్‌లో 2005లో మళ్లీ అనుమతి వచ్చింది.

అపోహ: వోడ్కాలో ఆకులు నానబెడితే అబ్సింత్ అయిపోతుంది.

వాస్తవం: అయ్యేది చేదు కషాయం. వర్మ్‌వుడ్‌లో అబ్సింథిన్ అనే చేదు పదార్థం ఉంటుంది. డిస్టిల్ చేసినప్పుడు వాసన నూనెలు ఆవిరితో పైకొస్తాయి, ఆ చేదు అడుగునే ఉండిపోతుంది. ఆ దశ లేకపోతే చేదంతా గ్లాసులోకే వస్తుంది.

ఫ్రాన్స్‌లోని పొంతార్లియే పాత పద్ధతి చూడండి. 85 శాతం ఆల్కహాల్ 95 లీటర్లలో ఎండు వర్మ్‌వుడ్ రెండున్నర కిలోలు, ఆనిస్ గింజలు 5 కిలోలు, సోంపు 5 కిలోలు వేసి 12 గంటలు నానబెడతారు. 45 లీటర్ల నీళ్లు కలిపి డిస్టిల్ చేసి 95 లీటర్లు పడతారు. ఇది నీళ్లలా ఏ రంగూ లేకుండా ఉంటుంది. పచ్చ రంగు ఆ తర్వాతి పని: అందులోంచి 40 లీటర్లు తీసి చిన్న వర్మ్‌వుడ్ (అదే జాతిలో వేరే మొక్క) కిలో, హిస్సప్, లెమన్ బామ్ అనే వాసన మూలికలు కిలో, అరకిలో చొప్పున వేసి మెల్లగా వేడి చేస్తారు. ఈ రెండో విడతలో మొదట నానబెట్టిన పెద్ద వర్మ్‌వుడ్ వేశారా, వదిలించుకున్న చేదు మళ్లీ వచ్చి కూర్చుంటుంది. వడకట్టి మిగతా దానితో కలిపి, 74 శాతానికి దించితే 100 లీటర్లు.

ఆనిస్, సోంపు వేర్వేరు గింజలు. ఒకటి లేదని రెండోది రెట్టింపు వేస్తే రుచి తప్పుతుంది. వినాయక చవితి పత్రిలోని మాచిపత్రి, పూలమాలల్లోని దవనం వర్మ్‌వుడ్‌కు దగ్గరి బంధువులే అయినా దానికి బదులుగా పనికిరావు. లైసెన్సు లేకుండా ఇంట్లో కాయడం మన దగ్గర నేరమని కూడా గుర్తుంచుకోండి.

అపోహ: చక్కెరకు నిప్పంటించి తాగడమే సంప్రదాయం.

వాస్తవం: అది 1990ల్లో చెక్ బార్లలో మొదలైన హంగు. మాడిన చక్కెర వాసన మూలికల్ని మింగేస్తుంది. 70 శాతం ద్రవం భగ్గున అంటుకుంటుంది, గ్లాసు పగలొచ్చు, చేతులు కాలొచ్చు. దయచేసి మానేయండి.

సరైన పద్ధతికి గ్లాసులో 30 మి.లీ. అబ్సింత్, పైన చిల్లుల చెంచా, దాని మీద ఒక చక్కెర ముక్క ఉంటే చాలు. చక్కెర ఇష్టమైతేనే. మంచులా చల్లని నీళ్లు చుక్కచుక్కగా వదలండి. ముందు నూనె తీగల్లాంటి చారలు సుడి తిరుగుతాయి, తర్వాత అడుగు నుంచి పాలరంగు పైకి ఎక్కుతుంది. ఆనిస్‌లోని అనెథోల్ అనే వాసన పదార్థం ఆల్కహాల్‌లో కరుగుతుంది, నీళ్లలో కరగదు. అందుకే ఆ తెలుపు. పైనున్న పలుచని పచ్చ గీత మాయమయ్యాక రుచి చూసి ఆపండి. ఒక వంతుకు మూడు నుంచి ఐదు వంతుల నీళ్లు పడతాయి. గబుక్కున పోస్తే వాసనలు విప్పుకునే వ్యవధి ఉండదు.

అపోహ: రంగు మారినా, తెల్ల పలుకులు తేలినా సీసా పాడైనట్టే.

వాస్తవం: రంగు క్లోరోఫిల్‌ది, ఎండ తగిలితే ఎండుటాకు రంగుకు తిరుగుతుంది. చీకట్లో, నిలబెట్టి ఉంచండి. ఫ్రిజ్‌లో పెడితే అనెథోల్ పలుకులు కడుతుంది. బయటపెట్టి గది వేడికి వచ్చాక మెల్లగా తిప్పితే కరిగిపోతాయి.