మీ బ్రిడ్జ్‌కి సరిపోయే స్టిక్ ఏది?

వైజాగ్‌లో ఏ పూల్ పార్లర్‌కైనా ఎవడైనా కొత్త స్టిక్ పట్టుకొచ్చాడంటే చుట్టూ మూగినవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "బరువెంత?", రెండోది "ఎంత పెట్టి కొన్నావేటి?". నన్నడిగితే ఈ రెండూ ఆటని మార్చేవి కావు, కనీసం మనం అనుకున్నంత కాదు. బ్రిడ్జ్, అంటే టేబుల్ మీద ఆనించి స్టిక్ ముందు భాగాన్ని మోసే చెయ్యి, దానికి స్టిక్ కుదిరిందా లేదా అన్నదే చూడాలి.

ముందు బరువు సంగతి తేల్చేద్దాం. పూల్ స్టిక్కులు మామూలుగా 18 నుంచి 21 ఔన్సులుంటాయి, బంతి సుమారు 6 ఔన్సులు, అంటే 170 గ్రాములు. ఒకే స్పీడ్‌తో ఊపితే 18 ఔన్సుల స్టిక్ కన్నా 21 ఔన్సులది వైట్‌కి, అంటే మనం స్టిక్‌తో కొట్టే తెల్ల బంతికి, ఇచ్చే వేగం లెక్క ప్రకారం 4 శాతం దాకా ఎక్కువ, అంతే. పైగా బరువు పెరిగేకొద్దీ చెయ్యి ఊపే స్పీడ్ కొంచెం తగ్గుద్ది, ఇంక ఆ 4 శాతంలో మిగిలేదెంత? చేతికి హాయిగా ఉన్నది తీసుకోండి, తేలకపోతే 19 దగ్గర మొదలెట్టండి.

అసలు కథంతా స్టిక్ ముందు భాగంలో ఉంది. కొసనున్న లెదర్ టిప్ వైట్‌ని తాకి ఉండేది సెకనులో దాదాపు వెయ్యో వంతు, ఆ కాస్త టైంలోనే అంతా అయిపోద్ది. ఇప్పుడు మీరు సైడ్ పెట్టి, అంటే బంతి పక్కకి తిరిగేలా, వైట్‌ని కుడి పక్కన కొట్టారనుకోండి, బంతి తిరగడం మొదలెడుతూ టిప్‌ని కూడా పక్కకి తోసేస్తుంది, టిప్ వెనకున్న చెక్క బరువు ఆ తోపుకి ఎదురు నిలబడుతుంది కాబట్టి బంతి తిన్నగా పోకుండా కాస్త ఎడమకి జరిగి బయల్దేరుతుంది. దీన్నే డిఫ్లెక్షన్ అంటారు. ఆ పక్క కదలిక స్టిక్ పొడుగునా వెనక్కి పాకేలోపే బంతి వెళ్ళిపోద్ది, అందుకే లెక్కలోకి వచ్చేది ముందున్న ఐదు నుంచి ఎనిమిది అంగుళాల బరువు మాత్రమే, వెనక హ్యాండిల్ మీద ఎంత నగిషీ చేసినా దీనికి సంబంధం లేదు. లో డిఫ్లెక్షన్ షాఫ్టులంటూ (షాఫ్ట్ అంటే స్టిక్ ముందు సగం) అమ్మేవి చేసేది ఇదే: ముందు భాగాన్ని సన్నం చేసో, లోపల బోలుగా చేసో, కార్బన్ ఫైబర్ వాడో ఆ కొస బరువు తగ్గిస్తారు.

తుఫాన్లు అలవాటైన మన ఊరికి కోరియోలిస్ ఎఫెక్ట్ అన్న పేరు కొత్త కాదు కదా, ఆ పేరు ఎవరిదో ఆ ఫ్రెంచి శాస్త్రవేత్త కోరియోలిసే 1835లో బిలియర్డ్స్ బంతుల గణితం మీద పెద్ద పుస్తకమే రాశాడు. బంతి మధ్య నుంచి సగం రేడియస్ పక్కకి, అంటే పూల్ బంతికి 14 మిల్లీమీటర్ల దగ్గర తగిలితే సైడ్ స్పిన్ గరిష్టం అని ఆయన లెక్క, అది దాటితే టిప్ జారిపోయి మిస్‌క్యూనే. కాబట్టి టిప్ సన్నంగా ఉంటే స్పిన్ ఎక్కువొస్తుందన్న మాట నమ్మొద్దు, సన్న టిప్‌తో ఎక్కడ తగులుతుందో బాగా కనబడుతుంది, అంతవరకే.

మరి లో డిఫ్లెక్షన్ అందరికీ మంచిదేనా? కాదు. చాలామంది కొనేటప్పుడు చూసుకోని పాయింట్ ఇదే. మధ్యలో కొడదామనుకున్నప్పుడు వెనక చెయ్యి కుడికి ఊగిందంటే స్టిక్ మూతి ఎడమకి తిరుగుద్ది, టిప్ కూడా వైట్‌కి ఎడమ పక్కనే తగులుద్ది. స్టిక్ చూసే దిక్కు ఎడమ, డిఫ్లెక్షన్ తోసేది కుడి. బ్రిడ్జ్ చెయ్యి వైట్‌కి సరైన దూరంలో ఉంటే ఈ రెండూ కొట్టుకుపోయి వైట్ తిన్నగానే వెళ్ళిపోద్ది, మీ తప్పుని స్టిక్కే సర్దేస్తుంది! ఆ దూరాన్ని పివట్ లెంగ్త్ అంటారు. ముందు కొస బరువుంటే అది తక్కువ, తేలికైతే ఎక్కువ. అంటే బ్రిడ్జ్ దగ్గరగా పెట్టి ఆడేవాడికి మామూలు మేపుల్ చెక్క షాఫ్టే మేలు, చెయ్యి దూరంగా పెట్టేవాడికి లో డిఫ్లెక్షన్ పనికొస్తుంది.

టెస్ట్ చెయ్యడం తేలికే. ఎవరిదైనా స్టిక్ ఓ పది నిమిషాలు అడిగి తీసుకోండి, వైట్‌కి ఎదురుగా తిన్నగా ఇంకో బంతి పెట్టి, మీరెప్పుడూ పెట్టే చోటే బ్రిడ్జ్ పెట్టి గురి చూసుకోండి, ఆ చెయ్యి కదపకుండా వెనక చెయ్యి మాత్రం కావాలనే కాస్త పక్కకి జరిపి గట్టిగా కొట్టండి, స్టిక్ మాత్రం టేబుల్‌కి వీలైనంత సమాంతరంగా ఉండాలి. వైట్ టిప్ తగిలిన వైపుకే పోతే ఆ షాఫ్ట్‌కి మీ బ్రిడ్జ్ మరీ దగ్గరైనట్టు, ఎదుటి వైపు పోతే దూరమైనట్టు, తిన్నగా పోయి ఆ రెండో బంతిని నిండుగా కొడితే ఆ షాఫ్ట్ మీదే.

ఇంకోటి, ఇక్కడి ఉక్కపోత. చెక్క తేమ పీల్చుకుని అడ్డంగా ఉబ్బుతుంది, పీల్చేది ఒక పక్క ఎక్కువ ఒక పక్క తక్కువ అయితే వంగుద్ది. ఏసీ పార్లర్ నుంచి తీసి బీచ్ రోడ్ గాలిలో బైక్ మీద రోజూ తిప్పితే మేపుల్‌కి కష్టమే, కేస్ తప్పనిసరి. కార్బన్‌కి ఈ బాధ లేదు, రేటే బాధ. సెకండ్ హ్యాండ్ కొంటుంటే షాఫ్ట్‌ని విప్పి విడిగా టేబుల్ మీద దొర్లించండి, టిప్ పైకీ కిందకీ ఎగురుతుంటే ఎంత తక్కువకి ఇస్తానన్నా వద్దనండి.