"కొట్టుకోవడం లేదుగా!": ఎర్ర ఉడుతలు, బూడిద ఉడుతల మీద అపోహలు - వాస్తవాలు

ఉత్తర ఇంగ్లండ్‌లోనో స్కాట్లండ్‌లోనో కొత్తగా ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "మా పెరట్లో గింజల పెట్టె దగ్గర ఎర్రదీ బూడిదదీ పక్కపక్కనే తింటున్నాయండీ. కొట్టుకోవడం లేదు. మరి బూడిద ఉడుత ఎర్రదాన్ని చంపేస్తుందంటారేంటి?"

కొట్టి చంపదు. అది వట్టి పుకారు. అయితే పుకారని తెలియగానే "హమ్మయ్య, ప్రమాదం లేదన్నమాట" అనుకుని పెట్టెలో ఇంకో గుప్పెడు గింజలు పోస్తారు చూడండి, అసలు నష్టం అక్కడ మొదలవుతుంది.

జరిగేది ఇదీ. ఎర్రది బ్రిటన్ సొంత ఉడుత, బూడిదది అమెరికా నుంచి తెచ్చినది. ఎర్ర ఉడుత బరువు 300 గ్రాములు, కాస్త అటూ ఇటూ. బూడిదది 500 నుంచి 600 గ్రాములు. ఓక్ కాయల్లోని వగరు ఎర్రదానికి సరిగా అరగదు, బూడిదదానికి ఏ ఇబ్బందీ ఉండదు. హేజెల్ కాయల్ని బూడిదవి పూర్తిగా పండకముందే ఖాళీ చేసేస్తాయి. ఎర్రది చలికాలానికి దాచుకున్నదాన్ని కూడా తవ్వి తినేస్తాయి. వసంతం వచ్చేసరికి ఎర్ర ఆడ ఉడుత బక్కచిక్కి ఉంటుంది. ఒక బరువు దాటితే గానీ అది ఎదకు రాదు. వచ్చినా ఒక్క ఈతతో సరిపెడుతుంది. పుట్టిన పిల్లలు సరిగా ఎదగవు, ఆ అడవిలో నిలదొక్కుకోలేవు. పెద్దవి వయసు మీరి పోతాయి, వాటి చోటు నిండదు. పోట్లాట లేకుండానే పదిపదిహేనేళ్ళలో అడవి చేతులు మారుతుంది.

ఇటలీలో జరిగింది ఇదే. 1948లో టురిన్ దగ్గర స్టుపినీజీలో కొన్ని బూడిద ఉడుతల్ని వదిలారు. కింద చెప్పబోయే వైరస్ అక్కడ కనిపించలేదు. అయినా అవి వ్యాపించిన చోటల్లా ఎర్రవి తరిగిపోయాయి. తిండి పోటీ ఒక్కటే చాలు.

బ్రిటన్‌లో దానికి స్క్విరెల్‌పాక్స్ అనే వైరస్ జబ్బు తోడైంది. బూడిద ఉడుత ఈ వైరస్‌ను మోస్తూ నిక్షేపంగా తిరుగుతుంది. ఎర్రదానికి సోకితే కళ్ళ చుట్టూ, పెదాల మీద, వేళ్ళ మధ్య తడి పుళ్ళు లేచి పక్కు కడతాయి. చూపు పోతుంది, తిండి తినలేదు. చాలావరకు రెండు వారాల్లో చనిపోతుంది. వైరస్ ఉన్న ప్రాంతాల్లో ఎర్రవి తగ్గే వేగం లేనిచోటికంటే 17 నుంచి 25 రెట్లు ఎక్కువని లెక్కగట్టారు. 2008లో లివర్‌పూల్‌కు ఉత్తరాన ఫార్మ్‌బీ తీరంలో ఈ జబ్బుకే ఎర్రవాటిలో ఎనభై శాతం పైగా పోయాయి.

కాబట్టి రెండూ పక్కపక్కనే తింటున్న ఆ ముద్దొచ్చే ఫొటోలో ఉన్నది స్నేహం కాదు. ఒకే గిన్నె, ఒకే ఎంగిలి.

ఇప్పటిదాకా గింజలు పెట్టామే అని బాధపడకండి, మానేసే పద్ధతి తెలిస్తే చాలు. పెరట్లోకి బూడిదది ఒక్కటి వచ్చినా పెట్టె ఆ రోజే దించండి. స్థానిక ఎర్ర ఉడుతల సంరక్షణ బృందానికి కబురు చేయండి. దించిన పెట్టెను ముందు సబ్బునీళ్ళతో, బ్రష్‌తో రుద్ది రెట్టలు, పొట్టు వదిలించాలి. మురికి ఉండగా మందు పోస్తే మందు పనిచేయదు, అందరూ చేసే పొరపాటు ఇదే. తర్వాత విర్కాన్ లాంటి వైరస్‌నాశని లీటరు నీటికి పది గ్రాములు కలిపి తడపండి, కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ఎర్రవి మాత్రమే వచ్చే చోటైనా వారానికోసారి ఈ పని తప్పదు. కింద రాలిన పొట్టు కూడా ఎత్తేయాలి.

పెట్టెలో ఏం వేయాలన్నది ఇంకో సంగతి. వేరుశనగ చవక అని అదొక్కటే పోస్తే కాల్షియం చాలక ఎముకలు బలహీనపడతాయి. పొద్దుతిరుగుడు గింజలదీ అదే కథ. పెంకుతో ఉన్న హేజెల్ కాయలు కొద్దిగా వేయండి, పక్కన జింక కొమ్ము ముక్క ఒకటి కట్టండి. కొరుక్కుంటాయి.

పుళ్ళున్న ఎర్ర ఉడుత కనబడితే వట్టి చేతులతో ముట్టుకోకండి. స్క్విరెల్‌పాక్స్ మనుషులకు సోకిన దాఖలాలు లేవు, పిల్లలు పెరట్లో ఆడారని రాత్రంతా కంగారుపడక్కర్లేదు. చనిపోయి కనబడితే గ్లవ్స్ వేసుకుని సంచిలో కట్టి చల్లటి చోట ఉంచి బృందానికి చెప్పండి, పరీక్షకు పనికొస్తుంది. చెవులు, మూతి, పాదాల మీద వెంట్రుకలు రాలి నున్నగా మెరిసే వాపులుంటే అది కుష్ఠు కావచ్చు, పాక్స్ కాదు. ఫొటో తీసి పంపితే తేడా చెప్పగలరు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"రెండూ కలిసి సంకరం పుడుతోంది." పుట్టదు, వేర్వేరు జాతులు. బూడిదవాటికి పక్కల్లో ఎర్ర ఛాయ ఉంటుంది, ఎర్రవాటిలో దాదాపు నల్లగా ఉండేవీ ఉన్నాయి. రంగు చూడకండి, తోక చూడండి: బూడిదదాని తోకకు అంచున తెల్లటి మెరుపు ఉంటుంది. చెవి కుచ్చులు ఎర్రదానికే, కానీ ఎండాకాలంలో రాలిపోతాయి.

"ఇవి మన ఉడుతలేగా?" కాదు. రాముడు నిమిరాడని చెప్పుకునే మన చారల ఉడుత ఫునాంబులస్ అనే ప్రజాతిది (దగ్గరి జాతుల గుంపును ప్రజాతి అంటారు). ఈ రెండూ స్క్యూరస్ ప్రజాతిలోని వేర్వేరు జాతులు.

"పట్టుకుని దూరంగా అడవిలో వదిలేస్తే సరి." బ్రిటన్‌లో అది నేరం. బోనులో పడ్డ బూడిద ఉడుతను తిరిగి వదలకూడదు. జాలి కలగడం సహజం, కానీ బోను పని శిక్షణ ఉన్నవాళ్ళకే వదిలేయండి.

"తప్పంతా బూడిదవాటిదే." వాటిని అమెరికా నుంచి తెచ్చింది మనుషులే. 1876లో చెషైర్‌లోని హెన్‌బరీలో వదిలారు. అంతకుముందే అడవులు నరికి ఎర్రవాటిని దెబ్బతీశారు. 1903లో స్కాట్లండ్‌లో ఓ క్లబ్బే పెట్టి, చెట్లు పాడుచేస్తున్నాయని ఎర్ర ఉడుతల్ని వేల సంఖ్యలో కాల్చారు.

"ఇక చేసేదేం లేదు, ఎర్రవి పోయినట్టే." ఇది మాత్రం ఒళ్ళు మండించే మాట. వేల్స్‌లోని ఆంగ్లసీ ద్వీపంలో 1998లో బూడిదవాటిని పట్టడం మొదలుపెట్టినప్పుడు ఎర్రవి నలభై. 2015లో ద్వీపాన్ని బూడిద ఉడుతల్లేని చోటుగా ప్రకటించేనాటికి అవి వందల్లోకి పెరిగాయి. ఐర్లండ్ మధ్య జిల్లాల్లో పైన్ మార్టెన్, అంటే ముంగిస పోలికలో ఉండి చెట్లెక్కే వేటజంతువు, తిరిగొచ్చిన చోట బూడిదవి తగ్గి ఎర్రవి కనిపిస్తున్నాయి. బూడిదది బరువు, నేలమీద ఎక్కువసేపు తిరుగుతుంది, పైగా దానికి ఈ శత్రువు కొత్త. ఎర్రది వేల ఏళ్ళుగా దాంతోనే బతికింది.

మార్టెన్ మీ ఊరికి రావడానికి ఏళ్ళు పట్టొచ్చు. పెట్టె దించడానికి స్క్రూడ్రైవర్ ఒకటి చాలు.