వసంతంలో కొండ నడక, పూల దారులు: అపోహలు - వాస్తవాలు

పొద్దున బయల్దేరి చీకటి పడేలోపు తిరిగొచ్చే కొండ నడకలకు వసంతాన్ని మించిన కాలం లేదు. దారి పొడవునా అడవి పూలు, పైకెక్కి చూస్తే లోయలో నిండుగా పారే ఏరు. ఆ పూలు విచ్చడానికీ, ఏరు నిండడానికీ, మనం దారిలో చిక్కుకుపోవడానికీ కారణం ఒకటే: కరిగే మంచు. దాని లెక్క పట్టుబడితే ఈ అపోహల్లో చాలావరకు వాటంతటవే పోతాయి.

అపోహ: పూలు చూడాలంటే ఫలానా వారంలోనే వెళ్లాలి.

ఒకే కొండ మీద ఒకే రోజున రెండు మూడు రుతువులు కనిపిస్తాయి. ఎత్తు 400 అడుగులు పెరిగితే వసంతం సుమారు 4 రోజులు ఆలస్యమవుతుందని అమెరికా కీటక శాస్త్రవేత్త ఆండ్రూ హాప్కిన్స్ 1918లో ఒక సూత్రం చెప్పారు. అది అంచనాయే కానీ నడిచేవాళ్లకు బాగా పనికొస్తుంది. మొదలుపెట్టిన చోట పూలు రాలిపోయి ఉంటే నిరాశపడక్కర్లేదు. 2,000 అడుగులు పైకెళ్తే దాదాపు 20 రోజులు వెనక్కి వెళ్లినట్టే. ఎండ బాగా తగిలే వాలులో పూలు ముందు వస్తాయి, నీడవైపు ఆలస్యంగా వస్తాయి. కాబట్టి తేదీని కాదు, మంచు ఏ ఎత్తు దాకా కరిగిందో కనుక్కుని దారి ఎంచుకోండి.

అపోహ: పొద్దున దాటిన వాగే కదా, సాయంత్రం దాటలేమా?

ప్రాణాల మీదకు తెచ్చేది ఇదే. రాత్రి చలికి పైన మంచు కరగడం తగ్గిపోతుంది, అందుకే తెల్లవారుజామున వాగు సన్నగా ఉంటుంది. ఎండెక్కాక కరిగిన నీళ్లు కిందికి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా సాయంత్రానికి వాగు పొంగేది అందుకే. ఎంత ఎండ కాస్తే అంత పొంగు. పొద్దున దాటేటప్పుడు నీళ్ల అంచున ఉన్న ఒక రాయిని గుర్తు పెట్టుకోండి. తిరిగొచ్చేసరికి అది మునిగి, నీళ్లు మట్టిరంగుకు తిరిగి ఉంటే పొద్దుటి వాగు కాదని అర్థం.

దాటక తప్పకపోతే ఇరుకు చోటు వెతక్కండి. దగ్గరగా కనిపిస్తుంది కానీ అక్కడే లోతూ వడీ ఎక్కువ. వెడల్పుగా, పాయలుగా చీలి పారే చోటు మేలు. కాలు జారితే కొట్టుకుపోయే వైపు పడిపోయిన చెట్లు గానీ జలపాతం గానీ లేవని చూసుకోండి. బ్యాగు నడుం పట్టీ, ఛాతీ పట్టీ ముందే విప్పాలి. లేదంటే పడినప్పుడు బ్యాగే నీళ్లలోకి లాగుతుంది. బూట్లు విప్పకండి, వట్టి కాళ్లు రాళ్ల మీద నిలవవు. నీళ్లు వచ్చే వైపు ముఖం పెట్టి, కర్ర ముందుకు ఆనించి, ఒక్కో అడుగు పక్కకు వేస్తూ కదలాలి. వడిగల నీళ్లు మోకాలు దాటుతుంటే వెనక్కి వచ్చేయండి. అడుగున రాళ్లు దొర్లుతున్న చప్పుడు వినిపిస్తే అసలు దిగొద్దు.

అపోహ: మిగిలిన మంచు నాలుగడుగులే, నడిచి దాటేయొచ్చు.

పొద్దున గట్టిగా ఉండి జారుతుంది, మధ్యాహ్నానికి మెత్తబడి కాలు కూరుకుపోతుంది. బండలకూ చెట్ల మొదళ్లకూ ఆనుకున్న మంచుతో ఇంకా జాగ్రత్త. రాయి ఎండకు వేడెక్కి చుట్టూ ఉన్న మంచును లోపలి నుంచి కరిగిస్తుంది. పైన తెల్లటి పొర చెక్కుచెదరకుండా ఉంటుంది, కింద బోలు. అక్కడ అడుగు వేస్తే కాలు తొడ దాకా దిగి రాయికి కొట్టుకుంటుంది. బండకు కాస్త ఎడంగా నడవండి. మంచు కింద నీళ్ల చప్పుడు వినిపిస్తే దారి మార్చండి.

అపోహ: బురదను తప్పించుకుని గట్టున నడిస్తే దారికి మేలు.

బురదలోంచే నడవాలి. అందరూ పక్కకు తిరిగితే కాలిబాట ఏటికేడు వెడల్పై, అంచున మొలిచే పూల మొక్కలు తొక్కుడుకు చస్తాయి. తడి నేల అణిగిపోయాక వేళ్లకు గాలి అందదు. నీళ్లు దిగని బూట్లు వేసుకుని, ఇంకో జత ఉన్ని సాక్స్ బ్యాగులో పెట్టుకుంటే చాలు.

అపోహ: ఇన్ని పూలుండగా ఒకటి కోస్తే ఏమవుతుంది?

ట్రిలియం అనే అడవి పూల మొక్కను దగ్గరగా చూడండి. మూడు ఆకులు, వాటి మధ్య మూడు రేకుల పువ్వు ఒక్కటే. విత్తనం నుంచి ఆ మొదటి పువ్వు దాకా రావడానికి ఏడేళ్లో అంతకంటే ఎక్కువో పడుతుంది. పువ్వుతో పాటు ఆ మూడు ఆకులూ తెగితే భూమిలోని దుంపకు ఆ ఏడాది ఆహారం తయారుచేసేవే ఉండవు. కొన్నిసార్లు మొక్కే చచ్చిపోతుంది. ఫోటో కోసం పూల మధ్యకు వెళ్లడమూ అంతే. దారి మీదే మోకాళ్లపై కూర్చుని, కెమెరాను పూల ఎత్తుకు దించితే వెనక కొండ కూడా ఫ్రేములోకి వస్తుంది.

అపోహ: పది కిలోమీటర్లంటే రెండు గంటల పని.

చదునైన నేల మీద అయితే సరే. 1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు నైస్మిత్ చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: 5 కిలోమీటర్లకు ఒక గంట, ఆపైన ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. 10 కిలోమీటర్లు, 900 మీటర్ల ఎత్తు అంటే మూడున్నర గంటలు, అదీ ఆగకుండా నడిస్తే. వసంతంలో బురద, మంచు, ఫోటోలు కలిపి దానికి సగం అదనంగా వేసుకోవాలి. ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలో బయల్దేరే ముందే అనుకోండి, శిఖరం కళ్లెదుటే ఉన్నా ఆ వేళకు తిరిగిపోండి.

ఇంకొన్ని చిన్న అపోహలు

"కరిగిన మంచు నీళ్లు కదా, తాగేయొచ్చు." తాగకూడదు, పైన జంతువులు తిరుగుతుంటాయి. తెర్లే నీటిని ఒక నిమిషం, 2,000 మీటర్ల ఎత్తు దాటితే మూడు నిమిషాలు మరిగించాలి.

"కింద వెచ్చగా ఉంది, జాకెట్ దేనికి?" వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. చెమటకు తడిసిన నూలు చొక్కా ఆరదు, గాలి తగిలితే వణుకు పట్టుకుంటుంది.

"పిడుదు కరిస్తే నూనె రాయాలి, అగ్గిపుల్ల అంటించాలి." రెండూ తప్పే. సన్న మొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలిపెట్టకుండా నిదానంగా నిటారుగా లాగండి. ఆ చోటు సబ్బుతో కడగండి. తర్వాతి వారాల్లో దద్దురో జ్వరమో వస్తే పిడుదు కరిచిన సంగతి డాక్టరుకు చెప్పండి.